కిటికీ పట్టీ కొన్నదెవరు?

దయ్యాల కథలు చెప్పుకునే పిల్లల్ని మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు పరిగెత్తించే రకం నేను. గద్వాలలో ఒక బడిలో ఆటల మాస్టర్ని. నాకు కోపమెక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. ఇలాంటి నమ్మకాలు మాత్రం లేవు. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది.

మా అమ్మ చీరలు నేస్తుంది. మగ్గం పక్కనే పాతకాలపు చెక్క కిటికీ. రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. రెక్కను గాలికి కదలకుండా పట్టి ఉంచే చిల్లుల ఇనుప పట్టీ మొన్న ఆషాఢం గాలికి విరిగిపోయింది. గుడ్డపేలికతో కడితే అదీ తెగి, రెక్క వచ్చి అమ్మ చెవి పక్కగా కొట్టుకుంది.

అప్పటికి ఆమెకు కంటి ఆపరేషన్ అయ్యి ఇంకా నెల కాలేదు. దెబ్బ తగిలితే ఆ కన్ను దక్కదని డాక్టర్ చెప్పాడు. రెండో కన్ను ఎప్పుడో పోయింది. మగ్గం ముట్టొద్దంటే వినదు. కిటికీ మూస్తే పోగు కనపడదంటుంది.

ఆ పొద్దున నోరు జారాను. "ఆ కన్ను గూడ పోతే నీ గుడ్డితనం నేను మొయ్యాల్నా?" అన్నాను. నేను చాయ్ కూడా తాగకుండా, విరిగిన పట్టీ జేబులో వేసుకుని బయటపడ్డాను.

మొదటి ఇనుప సామాన్ల దుకాణంలోనే చిత్రం. "ఇందాకనే లేదని చెప్తి గదా సారూ, మల్లొచ్చినవేంది?" అన్నాడు దుకాణపాయన. ఎవరినో చూసి నేననుకున్నాడని విసుక్కుని వనపర్తి బస్సెక్కాను.

అక్కడా అంతే. దుకాణపాయన పట్టీ చూసి నవ్వాడు. "గిది చూపిచ్చే పోతివి గదా! నాగర్‌కర్నూల్ల పాత తలుపులు అమ్మేటాయన తాన దొరుకుతదని చెప్పిన. ఇంక పోలేదా?"

ఒళ్లు మండిపోయింది. ఆటపట్టిస్తున్నారా అని అరిచాను. ఆయన బిత్తరపోయాడు.

నాగర్‌కర్నూల్లో దిగేసరికి మూడయింది. పాత తలుపుల మధ్య కూర్చున్న ముసలాయన నన్ను చూడగానే లేచాడు. "ఏమైంది బిడ్డా, సరిపోలేదా? నా తాన ఉన్నది గదొక్కటే, పన్నెండు గొట్టంగ నీకే ఇస్తి. అమ్మను గుడ్డిదంటిని, జల్ది పోవాలె అని ఏడిస్తివి గదా."

పన్నెండింటికి నేను వనపర్తి బస్టాండులో బస్సును తిట్టుకుంటూ నిలబడి ఉన్నాను. ఇక ఆ మాట అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. గద్వాల దాకా సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ కన్నుకేదో అయిందనే అనుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. అమ్మ నేస్తోంది. కిటికీ రెక్క బార్లా తెరిచి ఉంది, గాలి కొడుతున్నా కదలడం లేదు. దానికి అచ్చం మా పాతదాని లాంటి పట్టీ, గట్టిగా బిగించి ఉంది. విరిగినది నా జేబులోనే ఉంది.

"మల్ల యాడికి పోయినవ్‌రా? బువ్వ తినమంటె ఇనకపోతివి," అంది అమ్మ. పోగు సర్దుతూ, "గంత మాటకే కాళ్లు పట్టుకుంటరా ఎవరన్న? నేనేమన్న మనసుల పెట్టుకున్ననా?" అంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను చూసి చాలా ఏళ్లయింది.

నా ముఖంతో మూడు ఊళ్లు తిరిగిందెవరో నాకు నేటికీ తెలియదు. ఆనాటి బస్సు టికెట్లు దాచాను, నమ్మనివాళ్లు వచ్చి చూడొచ్చు. అమ్మకు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు నేను వంగి ఆ కాళ్లు పట్టుకోబోతే, "ఎన్నిసార్లురా?" అని నవ్వుతుంది. నేను ఒక్కసారి కూడా పట్టుకోలేదు.