పిట్ట లేని బిళ్ల

మొన్న దసరాకు ఇల్లు దులుపుతూ, అమ్మ పోయినప్పటి నుంచి అటక మీద పడి ఉన్న బీడీల చాటను కిందికి దించితే, ఎన్నడో ఎండిపోయిన తునికాకు, తంబాకు కలిసిన ఘాటు ఇంకా మిగిలే ఉంది. అడుగున అంటించిన కాగితం ఊడి, గుర్రపు రౌతు బొమ్మ ఉన్న లిబియా నాణెపు బిళ్ల ఒకటి నేల మీద పడింది. తుమ్ము వచ్చింది తప్ప ఇంకేమీ రాలేదు.

నా చిన్నప్పుడు బాపు లిబియాలో ఇళ్లు కట్టే పనికి పోయాడు. బాన్సువాడలో దసరా అంటే మాకు తంగేడు పూల పచ్చదనం ఇంకా వాడని వాకిళ్లు, గారెల నూనె వాసన, సాయంత్రం కొత్త బట్టలు గరగరలాడుతుంటే నిజాంసాగర్ కాలువ పారే పొలాల దిక్కు నడిచి పాలపిట్టను వెతకడం. పిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని, దాన్ని చూశాకే జమ్మి ఆకు చేతిలో పెట్టుకునేవాళ్లు. బాపు తల్లి, మా అవ్వకు కాళ్లు పడిపోయాయి. పొలాల దాకా పోలేకపోయేది గనుక, బాపు అక్కడ తనతో పనిచేస్తూ ఏటా సెలవు మీద వచ్చే బిచ్కుంద ఊరి మనిషితో పంపే బిళ్ల మీది పక్షినే కళ్లకద్దుకుని జమ్మి తీసుకునేది.

ఆ బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే రెక్కలు, వంకర ముక్కు లేచి వచ్చేవి. "అవ్వా, ఇది గద్ద," అన్నాను.

"నీకేం ఎర్క? నా కొడుకు గద్దను పంపుతడా? పాలపిట్టనే."

నిరుటి బిళ్ల మాత్రం పనికిరాదు. పోయినేడు చూసిన పిట్ట ఈయేటికి చెల్లదని, కొత్తది వచ్చేదాకా జమ్మి ముట్టేది కాదు.

ఒక దసరాకు గుర్రం బిళ్ల వచ్చింది. అవ్వ తిప్పి తిప్పి చూసింది. "పిట్టేది?"

"ఇగ గిదే కొత్త బిళ్లవ్వా. అన్న మంచిగనే ఉన్నడు, ఫికర్ చెయ్యకు," అన్నాడు బిచ్కుంద మనిషి. అవ్వ జమ్మి ముట్టలేదు. మేమంతా నవ్వాం.

ఆ తర్వాతి వానాకాలంలో కబురొచ్చింది. కడుతున్న గోడ కూలి బాపు పోయాడు, అక్కడే పూడ్చారు. బీడీలు చుడుతున్న అమ్మ ఒడిలో చాట అట్లాగే ఉంది, చేతులు ఆగిపోయాయి. "నాకప్పుడే ఎర్కయింది," అంది అవ్వ. నాకు ఏడుపు రాలేదు. మొద్దుబారినట్టయింది, అదే ఇప్పటికీ ఉంది.

పెద్దయ్యాక నాణేల పుస్తకంలో చూశాను. మొదట ఆ దేశపు బిళ్లల మీద రాజు కిరీటం ఉండేదట. రాజును దించేశాక మూడు అరబ్బు దేశాలు జతకట్టి ఒకే డేగను గుర్తుగా పెట్టుకున్నాయట. పొత్తు చెడి డేగ పోయింది, గుర్రం వచ్చింది. అంతే. బాపుకూ దానికీ సంబంధం లేదు. ఆ సంగతి చెబుదామంటే అవ్వ లేదు. కొంగుకు ముడేసుకున్న పిట్ట బిళ్లలు ఆమెతోనే పోయాయి. గుర్రం బిళ్లను అమ్మ దాచిందని మొన్నటిదాకా తెలియదు.

ఇప్పుడు పొలాల మీద పాలపిట్టలు కనబడవు. ఈసారి సాయంత్రం మా గల్లీ పిల్లలు ఫోనులో పిట్టను చూపిస్తే అందరం దండం పెట్టాం. అది నిరుటి ఫొటోనే. అవ్వ ఉంటే జమ్మి ముట్టేది కాదు. నేను చెయ్యి చాచి తీసుకున్నాను.