పంచినవాడు నోరు తెరవకూడదు

నేను స్వతహాగా అనుమానపు మనిషిని. దోహాలో డ్రైవరుగా పనిచేసిన ఏడేళ్ళలో, పెట్రోలు పోసేవాడు మీటరు సున్నాకి తెచ్చాడో లేదో చూడకుండా ఒక్కసారి కూడా బండి మూత తీయలేదు. మా ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ముందు కవరును వెలుతురుకు పెట్టి, దారిలో ఎవరైనా విప్పి మళ్ళీ అంటించారేమో చూసేవాణ్ని. అలాంటివాణ్ని పట్టుకుని తొంభై ఐదు చివర్లో మా సాబ్, "మా ప్రభుత్వం మూతపడింది, నీ కాగితం మీద సంతకం పెట్టే మనిషి లేడు" అంటే నేను నమ్మలేదు. ఎవరు మాత్రం నమ్ముతారు?

సాబ్ అమెరికావాడు. వాళ్ళ ప్రభుత్వానికి దోహాలో ఉన్న ఒక కార్యాలయంలో ఉద్యోగం. అల్ రయ్యాన్‌లో విల్లా ఇచ్చారు, దాని వెనక గది నాది. పొద్దున ఏడింటికి దింపడం, మధ్యాహ్నం మూడింటికి తీసుకురావడం నా డ్యూటీ. నా వీసా ఆఫీసు పేరు మీద ఉంది. ఖతర్ దాటి ఇంటికి వెళ్ళాలంటే ఖురూజ్ అనే అనుమతి కాగితం కావాలి. మా ఆఫీసు తరఫున దాని మీద సంతకం చేసే అధికారం ఒకే ఒక్క మనిషికి ఉంది.

ఆ ఏడాది నేను ఎలాగైనా ఇంటికి వెళ్ళి తీరాలి. మా నాన్న పోయి ఏడాది దాటింది. కడప జిల్లాలో మాకున్న ఆరెకరాలూ అన్నా నేనూ పంచుకోవాలి. డిసెంబరు నెలాఖరుకు పెద్దమనుషులు కూర్చుంటున్నారని అన్న ఉత్తరం రాశాడు.

మా వైపు పంపకానికి ఒక పద్ధతుంది. పెద్దవాడు భాగాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. తనకు ఏది మిగులుతుందో తెలియదు గనుక పెద్దవాడు రెండూ సమంగా వేస్తాడు. ఇంకో నియమం కూడా ఉంది. చిన్నవాడు కోరుకునేదాకా, పంచినవాడు నోరు తెరవకూడదు. ఇదే మంచిదని గానీ అదే మంచిదని గానీ చెప్పకూడదు. ఇంత పకడ్బందీ పద్ధతిలోనూ చిన్నవాడు ఊళ్ళో లేకపోతే పంచడమూ కోరుకోవడమూ రెండూ పెద్దవాడివే. నేను పోకపోతే అన్న ఏది ఇస్తే అది పుచ్చుకోవాలి. భయం నాకు అక్కడే ఉంది.

నవంబరులో వాళ్ళ ప్రభుత్వాన్ని ఒకసారి మూశారు, వారం తిరక్కుండా తెరిచారు. తెరిచిన రోజే నేను దరఖాస్తు పెట్టాను. పేరుకుపోయిన పనులు తేల్చి నా కాగితం దాకా వచ్చేసరికి డిసెంబరు మధ్యలో మళ్ళీ మూశారు. సరిగ్గా నా కాగితం బల్ల మీదికి వచ్చిన వారంలోనే మూతపడాలా? నాకు ఒళ్ళు మండింది.

పైగా మూతపడిన ఆ ఆఫీసుకే నేను సాబ్‌ని రోజూ పొద్దున దింపుతున్నాను. గేటు దగ్గర కాపలావాళ్ళు మామూలుగానే ఉన్నారు, లోపల దీపాలు వెలుగుతున్నాయి. మూడో రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"మేం కొందరం లేకపోతే నడవదు. మేం జీతం రాకపోయినా రావాలి. మిగతావాళ్ళు ఇంట్లోనే ఉండాలి. నీ సంతకం మనిషి ఆ మిగతావాళ్ళలో ఉన్నాడు" అన్నాడు సాబ్. నాకు అర్థం కావాలని ఇంగ్లీషును ముక్కలు ముక్కలు చేసి చెప్పేవాడు. అంత నిదానంగా చెప్పడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఆ మర్నాడు ఆ సంతకం మనిషి సముద్రం ఒడ్డున కార్నిష్ మీద నిక్కరు వేసుకుని పరుగెత్తుతూ కనిపించాడు. మా బండిని గుర్తుపట్టి చెయ్యి ఊపాడు.

"సార్, ఆయన చెయ్యి బాగానే ఉంది" అన్నాను.

సాబ్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "అతను ఊరికే వచ్చి ఉచితంగా సంతకం పెట్టినా మా చట్టం ప్రకారం తప్పు. జీతాలకు మా చట్టసభ డబ్బు ఒప్పుకోనప్పుడు పని చెయ్యకూడదు, చెయ్యనివ్వకూడదు" అన్నాడు.

పని ఎగ్గొడితే తప్పని విన్నాను గానీ, పని చేస్తే తప్పని ఏ దేశంలోనూ వినలేదు. చెవిలో పువ్వు పెడుతున్నాడని ఖాయం చేసుకున్నాను.

శుక్రవారం సెలవు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మనవాళ్ళ గదికి వెళ్ళాను. అక్కడ నాకు ఒక మేస్త్రీ దోస్తు. నిజామాబాద్ వైపు మనిషి, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్ నుంచి వారానికోసారి వచ్చేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. కూర కలుపుతూ అంతా విన్నాడు.

"సర్కారు పడిపోతదని విన్న తమ్మీ, బంద్ ఎట్లయితది? బంద్ అంటే బస్సులు ఆగుతయి, దుకాన్లు మూస్తరు. సర్కారే బంద్ పెట్టుకుంటదా? నీ సాబ్‌కు డ్రైవర్ లేక పొద్దు గడ్వదు. అందుకే నిన్ను ఆపుతుండు."

"టీవీలో కూడా చూపిస్తున్నారన్నా."

"టీవీ ఎవలది? ఆళ్ళదే గద."

ఆ మాట నా మనసుకు బాగా పట్టింది. నా అనుమానానికి ఇంకొకరి నోటి నుంచి బలం దొరికితే నాకెప్పుడూ సంతోషమే.

అక్కణ్నుంచే మా ఊరి పక్క సెంటర్లో ఉన్న ఫోను దుకాణానికి ఫోన్ చేసి అన్నను పిలిపించాను. "అమెరికా సర్కారు మూసేసినారంటన్నా, కాగితం రాలా" అన్నాను. చెబుతుంటే నాకే నమ్మశక్యంగా లేదు.

"అట్నా" అన్నాడు అన్న. ఆ ఒక్క మాటలో ఆయనా నన్ను నమ్మలేదని తెలిసిపోయింది. ఇక్కడ సాబ్‌ని నేను, అక్కడ నన్ను అన్న. తర్వాత, "సరే, పెద్దోళ్ళకు చెప్పి వాయిదా ఏయిస్తాలే. నువ్వొచ్చినాకనే" అన్నాడు.

ఆ ఊరట ఒక పూట కూడా నిలవలేదు. వేరుశనగ వేసే అదను దాటిపోతోంది. అయినా వాయిదాకి అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడు? సర్వేయరును పట్టుకుని హద్దు రాళ్ళు జరిపించడానికి సమయం కావాలేమో? ఆ రాత్రంతా మనసులోనే పొలం కొలుస్తూ పడుకున్నాను.

రెండు వారాలు దాటినా తెరవలేదు. సాబ్ మొహం పీక్కుపోయింది. ఒకరోజు బండిలో ఆయనే మొదలుపెట్టాడు. మా అధ్యక్షుడు ఒక పక్షం, సభ ఇంకో పక్షం. ఖర్చులు ఎంత తగ్గించాలి, ముసలివాళ్ళ వైద్యానికి ఎంత ఉంచాలి అన్నది తగువు. సభ పంపిన కాగితం ఈయన ఒప్పుకోడు, ఈయన లెక్క వాళ్ళు ఒప్పుకోరు, అని చెప్పాడు.

"సార్, మా ఊళ్ళో అయితే ఒకరు పంచుతారు, ఇంకొకరు కోరుకుంటారు. మీ పెద్దవాళ్ళకు ఆ పద్ధతి తెలియదా?" అన్నాను. పద్ధతి అంతా విడమరిచి చెప్పాను. పంచినవాడు నోరు తెరవకూడదన్న దగ్గర సాబ్ కళ్ళు పెద్దవి చేశాడు.

"మావాళ్ళలో ఇద్దరూ పంచేవాళ్ళే. కోరుకునే మనిషి లేడు. నోరు మూసుకునే మనిషి అసలే లేడు" అన్నాడు.

"మరి ఎలా తెగుతుంది సార్?"

"తగువు ఇప్పట్లో తెగదు. ఇద్దరికీ జనం తిట్లు తగిలినప్పుడు, ఎవరూ ఓడిపోయినట్టు కనపడని దారి ఒకటి వెతుకుతారు. సభ అడిగిన ఏడేళ్ళలోనే ఖర్చూ రాబడీ సమం చేస్తానని అధ్యక్షుడు తన సొంత అంకెలతో ఒక కాగితం ఇస్తాడు. అంకెలు నచ్చకపోయినా, మేం అడిగింది వచ్చిందని వాళ్ళు చెప్పుకుంటారు. ముందు తలుపులు తెరుస్తారు. తగువు తర్వాత పడతారు" అన్నాడు.

తగువు తేలకుండా తలుపులు ఎలా తెరుస్తారు? నాకు అదీ నమ్మబుద్ధి కాలేదు. మాలో అలా ఉండదు. తేలేదాకా పొలంలో నాగలి కూడా పెట్టం.

జనవరి మొదట్లో సాబ్ చెప్పినట్టే అయింది. అచ్చంగా అలాగే. సంతకం మనిషి ప్యాంటూ టై వేసుకుని ఆఫీసుకొచ్చాడు, రెండు రోజుల్లో నా ఖురూజ్ నా చేతిలో ఉంది. టీవీలో ఇద్దరు పెద్దలూ తామే గెలిచామంటున్నారు. సాబ్‌కు క్షమాపణ చెప్పాలనిపించింది గానీ నోరు రాలేదు. కాగితం మీద నా పేరు సరిగా ఉందో లేదో మూడుసార్లు చూసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఊరికి వెళ్ళేసరికి పొలం ఎండిపోయి ఉంది. ఏ భాగం ఎవరిదో తేలలేదని అన్న ఒక్క గింజ వేయలేదు. ఆ పంటంతా పోగొట్టుకున్నాడు. అది చూసి నాకు జాలి వెయ్యలేదు. ఇంత నష్టానికి సిద్ధపడ్డాడంటే వెనక ఇంకెంత లాభం చూసుకున్నాడో అనుకున్నాను.

పెద్దమనుషులు గట్టు మీద కూర్చున్నారు. భాగాలు తూర్పు మూడెకరాలు, పడమర మూడెకరాలు. తూర్పున నాన్న వేయించిన పాత బోరు. పడమట అన్న రెండేళ్ళ కింద వేయించిన కొత్త బోరు. స్విచ్ వేస్తే కొత్త బోరులో నీళ్ళు పైపు నిండా దూకుతున్నాయి, పాత దాంట్లో సగానికే వస్తున్నాయి. కానీ తూర్పు నేల మెత్తన. రెండూ తూచినట్టే ఉన్నాయి, ఎటు నుంచి చూసినా మోసం కనపడలేదు. మోసం కనపడకపోవడం నన్ను ఇంకా భయపెట్టింది.

"కోరుకో" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అన్న ముందుకొచ్చాడు. "రేయ్ చిన్నోడా, తూర్పుది తీసుకోరా. నాయిన బోరు నమ్మకమైంది. నువ్వుండేది యాడనో, ఇంట్లో ఆడమనిషి సూసుకోవల్ల."

"పంచినోడు నోరు తెరిచేదేంది? గమ్మునుండు" అని ఒక పెద్దాయన కసిరాడు. అన్న తల వంచుకుని వెనక్కి జరిగాడు.

ఇదన్నమాట, అనుకున్నాను. కొత్త బోరు తనకు కావాలి. అందుకే నియమం తప్పి మరీ పాతది నాకు అంటగడుతున్నాడు. ఇన్నాళ్ళ నా అనుమానానికి ఆధారం దొరికిందని లోపల సంబరపడ్డాను కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు భూమి కంటే అదే ఎక్కువ తృప్తినిచ్చింది.

"పడమర" అన్నాను.

అన్న నా మొహంలోకి ఒకసారి చూశాడు. "సరే" అన్నాడు.

కొత్త బోరు రెండు వేసవులు కూడా నిలవలేదు. అది ఎండిన సంగతి మా ఆవిడ రాసింది. అయినా చేలో పంట ఉందనీ, వేరుశనగ బాగా పట్టిందనీ అదే ఉత్తరంలో రాసింది. నీళ్ళెక్కడివో రాయలేదు. ఆ ఉత్తరం కవరు కూడా నేను వెలుతురుకు పెట్టి చూశాను.

తొంభై ఎనిమిదిలో సెలవు మీద వెళ్ళినప్పుడు చూశాను. నాన్న బోరు దగ్గర్నుంచి హద్దు రాళ్ళ మీదుగా నా పొలంలోకి ఒక పైపు వేసి ఉంది. అన్న గట్టు మీద కూర్చుని, నీళ్ళు నా చేలోకి మళ్ళేలా మట్టితో మడవ కడుతున్నాడు. దాపున కూర్చున్నాను.

"ఆ రోజు నువ్వు చెప్పింది నేను వినలా అన్నా" అన్నాను. "ఈ నీళ్ళకు ఏదో ఒక లెక్క అనుకుందాం. పెద్దోళ్ళను పిలిపిస్తా."

"ముందు తడి పారనీరా. తగువు యాడికి పోతాది, తర్వాత పడదాం" అన్నాడు, మట్టి చేతులు కడుక్కుంటూ.

నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పుకున్నాను. అప్పుడు కూడా నా కళ్ళు అలవాటు కొద్దీ పైపు వాల్వు మీదికే పోయాయి, నా వైపుకు ఎంత తిప్పాడో చూద్దామని. మొత్తం తిప్పే ఉంది.