గుత్తి వంకాయకి డజను రివిట్లు

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, పేపరుతో పాటు వచ్చే చిన్న పుస్తకంలోని వంటల పేజీ పైకి చదివాను. ఎక్కడో ఎవరో నలభై అడుగుల దోసె వేశారట. పోపు మాడకుండా ఉండాలంటే మూకుడు అడుగు ఎంత మందం ఉండాలో రాశారు, ఎండాకాలంలో చదువుకోవడానికి రెండు పుస్తకాలు సూచించారు, చివర నలుగురికి సరిపోయే గుత్తి వంకాయ కూర. నేను కూర సగంలో ఉండగానే మావారు టీవీ మీంచి చూపు తిప్పకుండా "బాగుంది" అన్నారు. ఆయన చెవులకు ఏ లోపమూ లేదు. మా మలంచా రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడు విని అది ఎవరింటికి వచ్చిందో చెప్పగలరు. అయినా ఆ మాట వినగానే నా చేతిలోని ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాటే, ఆ కూరకే, నలభై ఏళ్ళ కిందట మా నాన్న నోట విన్నాను. ఆ రోజు మేం చాలా నవ్వాం.

అరవైల మధ్య కాలం అది, బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళోనే. న్యూ సెటిల్‌మెంట్‌లో రెండు గదులు, ఒక వరండా ఉన్న రైల్వే క్వార్టర్‌లో మేం ఏడుగురం ఉండేవాళ్ళం: నాన్న, అమ్మ, మామ్మ, అన్న, మేం అప్ప అని పిలిచే అక్క, నేను, తమ్ముడు. నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పదిహేడో ఏట వచ్చి వర్క్‌షాపులో బాయిలర్ల ఇనప రేకుల్ని కలిపే లావు మేకులు, రివిట్లు, కొట్టే పనిలో చేరారు. సాయంత్రం సైరన్ మోగిన ఇరవై నిమిషాలకు ఆయన సైకిల్ మా గుమ్మం ముందు ఆగేది. నేను చాలాసార్లు అంకెలు లెక్కపెట్టి చూశాను, ఇరవై రెండు దాటిన రోజులు తక్కువ. దీపాలు పెట్టే వేళకే భోజనాలు. అందరం గుండ్రంగా నేల మీద కూర్చునేవాళ్ళం, అమ్మ మాత్రం గంజి వార్చిన కుండ పక్కన పెట్టుకుని సరిగ్గా నాన్నకి ఎదురుగా కూర్చునేది. ఆ చోటు ఎప్పుడూ మారేది కాదు. ఎందుకు మారేది కాదో అప్పట్లో నాకు తెలియదు.

మా ఇంట్లో గురువారం భోజనానికి ఒక పద్ధతి ఉండేది. గోల్ బజార్‌లో కొట్టు పెట్టుకున్న కోస్తా ఆయన ఒకరు మెయిల్ బండిలో తెలుగు వారపత్రిక తెప్పించేవారు, ఆ ఒక్క ప్రతి మా వరసలో అయిదు ఇళ్ళు తిరిగేది, మా వంతు గురువారం. అందులో వంటల పేజీని భోజనం చేస్తుండగా పైకి చదవాలి. ముందు ఒక తిండి కబురు, అంటే ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన పందెం వేసి అరవై ఇడ్లీలు తిన్నాడు లాంటిది. తరవాత వంటింటి చిట్కా, తరవాత చదవదగిన పుస్తకం గురించి రెండు మాటలు, చివర కూర. మేం తినేది పప్పుచారూ, వంకాయో దొండకాయో వేపుడూ, మజ్జిగ. వినేది మాత్రం బాదంపప్పులు, కుంకుమపువ్వు. ఆ పేజీ వింటూ తింటే పప్పుచారుకి కూడా ఏదో వాసన వచ్చేదని మామ్మ అనేది.

చదవడం అప్పది, లెక్క నాది. ఆ పేజీలో కొలతలన్నీ నలుగురికి ఇచ్చేవాళ్ళు, అవీ అప్పుడప్పుడే వచ్చిన కొత్త గ్రాముల్లో. అమ్మకేమో తవ్వ, సోల, గుప్పెడు తప్ప తెలియవు. నలుగురి లెక్కని ఏడుగురికి మార్చడం నాకు బళ్ళో ఎవరూ నేర్పలేదు. ఉన్నదానికి అందులో సగం, ఆ సగంలో మళ్ళీ సగం కలిపితే చాలునని ఒక గురువారం ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా నాకే తట్టింది. నాలుగు వందలకి ఏడు వందలు, నలభైకి డెబ్భై. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను ఈనాటికీ న్యూ సెటిల్‌మెంట్ తెలుగు పెళ్ళిళ్ళలో మూడొందల మందికి పప్పెంత, చింతపండెంత అని చెప్పగలుగుతున్నానంటే దానికి మూలం ఆ సగమూ, సగంలో సగమే.

లెక్క పూర్తయ్యాక నాన్న తీర్పు చెప్పేవారు. చేయదగ్గదైతే "బాగున్నాది, ఆదివారం సేద్దాం" అనేవారు, కానిదైతే ఊరికే తల ఊపి మజ్జిగ పోసుకునేవారు. పుస్తకాల విషయంలోనూ అంతే, ఆయన బాగున్నాదంటే అప్ప తెలుగు బడి గ్రంథాలయంలో అడిగి చూసేది. నాలుగో తరగతి చదివిన మనిషి తీర్పుకి మా ఇంట్లో తిరుగులేదు. వారమంతా నిప్పుల్లో, సుత్తుల మోతలో గడిపిన మనిషికి గురువారం ఆ పది నిమిషాలే గొప్ప.

నాకు ప్రతిదీ లెక్కపెట్టే జబ్బు ఉంది కదా, ఆ జబ్బు వల్లే ఒక సంగతి కనిపెట్టాను. తిండి కబురుకి మేమందరం నవ్వాక, అమ్మ నవ్వాక, ఒకటి రెండు అంకెలు గడిచి నాన్న నవ్వేవారు. ఒక్కసారి కూడా ముందు నవ్వలేదు. నాన్నకి మా మీద ధ్యాస లేదని, నా లెక్కలు ఆయన అసలు వినడం లేదని నాకు ఉక్రోషం వచ్చింది. పదకొండేళ్ళ పిల్లని, అంతకు మించి తోచలేదు. అప్పకి గొంతు పట్టేసి చదవడం నా మీద పడిన గురువారం నాడు పరీక్ష పెట్టాను.

ఆ వారం గుత్తి వంకాయ. ఏడుగురికి ఏడు వందల గ్రాముల లేత వంకాయలు, డెబ్భై గ్రాముల నువ్వులు అని సరిగ్గానే మొదలుపెట్టి, గొంతు మార్చకుండా, "ఇంజను బొగ్గు పావుకిలో, రివిట్లు డజను, నేతిలో దోరగా వేయించి కూరాలి" అని చదివాను. ఆ రోజు ఎప్పుడో గాని లేని చేపల పులుసు, అమ్మ అప్పుడు తమ్ముడి కంచంలో ముల్లు ఏరుతోంది, నా మాటలు వినలేదు. నేను ఆపగానే తలెత్తి, అలవాటుగా, నాన్న వైపు చూసి చిన్నగా తల ఊపింది.

"బాగున్నాది. ఆదివారం సేద్దాం," అన్నారు నాన్న.

అన్నకి పొలమారింది. అప్ప పట్టేసిన గొంతుతోనే నవ్వింది, తమ్ముడు నేల మీద దొర్లాడు, మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అందరి మొహాలూ ఒక్కసారి చూసుకుని, ఒకటి రెండు అంకెలు గడిచాక, నాన్న కూడా నవ్వారు, మాకంటే గట్టిగా. ఏడుగురిలో ఆరుగురం నవ్వాం. నవ్వనిది అమ్మ ఒక్కతే. ఏం జరిగిందో అప్పకేసి చూసి అడిగింది, అప్ప చెప్పింది. అమ్మ నాన్న కంచంలో ఇంకో గరిటెడు పులుసు వడ్డించింది.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచి పెరట్లోకి వెళ్ళాక చెప్పింది. రెండేళ్ళుగా నాన్నకి దాదాపుగా ఏమీ వినపడడం లేదు. బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్ళందరూ గట్టిగా అరుస్తూ, చేతులతో సైగలు చేస్తూ మాట్లాడుకుంటారు కాబట్టి అక్కడ ఎవరూ పసిగట్టలేదు. ఇంట్లో అమ్మ పెదవులు చూసి ఆయన మాట పట్టుకుంటారు. కూర వద్దనుకుంటే అమ్మ గరిటె మీద చెయ్యి వేస్తుంది, సరేననుకుంటే తల ఊపుతుంది. ఇన్నాళ్ళూ తీర్పు చెప్పింది ఆమె, పలికింది ఆయన. చెవుల పరీక్షలో దొరికితే ఆ పని నుంచి తీసేస్తారని, తరవాత ఏ పని ఇస్తారో, అసలు ఇస్తారో లేదో తెలియదని ఆయన అమ్మ చేత ఒట్టు వేయించుకున్నారు.

"ఈ నవ్వు ఈ గదిలోనే ఉండిపోవాల," అంది అమ్మ, మా నలుగురినీ ఒక్కొక్కరినే చూస్తూ. "పక్కింటోలకి తెలిస్తే షాపుకి తెలుస్తాది. షాపుకి తెలిస్తే మీ నాన్నకి పని నేదు."

అన్న అప్పటికే ఈ సంగతి ఎవరికి ముందు చెప్పాలా అని గుమ్మం వైపు ఒక కాలు వేసి ఉన్నాడు. ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు.

శుక్రవారం, శనివారం సైరన్ మోగినప్పుడల్లా నాన్న వస్తారో, పని పోయిందన్న కబురు వస్తుందో అని అంకెలు లెక్కపెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. రెండు రోజులూ ఇరవై నిమిషాలకే వచ్చారు. తమ్ముడికి ఆరేళ్ళు, వాడు ఎక్కడ వాగుతాడోనని వాణ్ణి మాత్రం నీడలా అంటిపెట్టుకుని తిరిగాను.

ఆదివారం పొద్దున నాన్న ఎప్పటిలాగే సంచీ పట్టుకుని, ఏటేటి తేవాలని నన్నే అడిగారు. ప్రతి ఆదివారం నేను సరుకులు వరసగా అప్పజెప్పేదాన్ని, అమ్మ ఆయనకి ఎదురుగా నిలబడి మళ్ళీ అనేది. ఆ రోజు అమ్మ ఎదురుగా లేదు, నా పెదవులు ఆయనకి అందుతాయో లేదో తెలియదు. నోటుబుక్కులో కాగితం చింపి, వంకాయలు ఏడు వందలు, నువ్వులు డెబ్భై, ధనియాలు, ఎండుమిరపకాయలు అని గుండ్రంగా రాసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని రాయడానికి పట్టినంత సేపూ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

బజారు నుంచి వచ్చాక సంచీ వరండాలో దింపి, ఒక్కొక్క పొట్లమూ తీసి నా ముందు పెట్టారు. వంకాయలు, నువ్వులు, ధనియాలు, మిరపకాయలు, అన్నీ నా కాగితంలో ఉన్న వరసలోనే. ఆఖర్న జేబులోంచి ఒకటి తీసి మిరపకాయల పొట్లం పక్కన పెట్టారు. తల వంకరపోయి, పనికిరాదని పారేసిన పాత రివిటు.

"డజను దొరకనేదు," అన్నారు. "ఒకటే."

అమ్మ చెప్పేసిందని అప్పుడు తెలిసింది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఎంత గట్టిగా ఏడ్చినా ఆయనకి వినపడదన్న సంగతి గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. గొంతుక్కూర్చుని, నా రాతకాగితం జేబులోంచి తీసి, దాని మీద వేలితో రెండుసార్లు తట్టారు.

"ఇకనుంచి రాసియ్యి గుంటా. నీ రాత నాకు వినపడతాది."

ఆ తరవాతి గురువారం నుంచి పద్ధతి మారింది. తిండి కబురూ, చిట్కా, పుస్తకం, కూర, ఏడుగురికి మార్చిన లెక్కతో సహా అన్నీ పెద్ద అక్షరాలతో రాసి నాన్న కంచం పక్కన పెట్టేదాన్ని. ఆయనే పైకి చదివేవారు. తన గొంతు తనకే తెలియని మనిషి కాబట్టి సుత్తుల మోతకి పైన వినపడాలన్నట్టు చదివేవారు. మా వరసలో పది క్వార్టర్లకి వినిపించేది. గోడ అవతలి బెంగాలీ దీదీ శుక్రవారం పొద్దున్నే అమ్మని పట్టుకుని, మీ ఇంటి రేడియో నిన్న ఏం కూర చెప్పిందని ఏడిపించేది, మా ఆయన కూడా అలా చదివితే ఎంత బాగుండునో అనేది. వరసలోని వాళ్ళందరూ బాయిలర్ షాపు గొంతు అని నవ్వుకున్నారే తప్ప ఎవరికీ అనుమానం రాలేదు. అందరికంటే ముందు చదివేది తనే కాబట్టి తిండి కబురుకి ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది కూడా నాన్నే. మేం ఒకటి రెండు అంకెలు ఆలస్యంగా నవ్వేవాళ్ళం.

నాలుగేళ్ళు అలా గడిచాయి. ఒకనాటి పరీక్షలో సంగతి బయటపడింది. మేం భయపడినట్టు పని పోలేదు, పనిముట్లు ఇచ్చే గదిలో వేశారు. జీతం తగ్గిందని అమ్మ దిగులుపడింది గాని నాన్న పడలేదు. అక్కడ ఎవరికేం కావాలన్నా చీటీ మీద రాసి అడుగుతారట, ఒక్క మాట కూడా పోదట. అది ఆయన చెప్పినప్పుడు ఆ మొహంలో కనిపించిన తేలిక ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. అన్నేళ్ళు ఎంత బరువు మోశారో ఆ తేలిక చూశాకే తెలిసింది. డెబ్భైల చివర్లో, నాకు పెళ్ళయిన రెండో ఏడు, పోయారు. ఆయన పెట్టెలో నా గురువారం కాగితాలు దారంతో కట్టి ఉన్నాయి. లెక్కపెట్టడం ఆ ఒక్కసారి నాకు చేతకాలేదు.

ఆయనకి నేను క్షమాపణ చెప్పలేదు. రాసి ఇవ్వవచ్చు, రాత వినపడుతుందని ఆయనే చెప్పారు కదా. ప్రతి గురువారం కాగితం అడుగున ఒక్క గీత ఖాళీ ఉండేది. వచ్చే వారం రాద్దామనుకునేదాన్ని. వారాలన్నీ నా లెక్కలోనే ఉంటాయనుకున్నాను.

ఆ రివిటు నా దగ్గరే ఉంది. తొంభై ఆరు గ్రాములు తూగుతుంది. పెళ్ళి వంటలకి సరుకులు రాసేటప్పుడు కాగితం ఎగిరిపోకుండా దాని మీద పెడతాను. ఇప్పుడు పేపర్లో ఇచ్చే కొలతలు ఇంకా నలుగురికే. మేం ఇద్దరం, సగం చేస్తే సరిపోతుంది, చిన్నపిల్లలు చేసే లెక్క. అయినా నా బుర్ర ముందు సగానికి, సగంలో సగానికి పోయి, ఏడుగురికి కట్టి, మళ్ళీ వెనక్కి వస్తుంది. అందరికీ చెవులు బాగానే ఉన్నాయి, ఎదురుగా కూర్చుని మన పెదవులు చూసేవాళ్ళే తగ్గిపోయారు.

మొన్న మావారు "బాగుంది" అన్నాక, వంకాయలతో పాటు పావుకిలో ఇంజను బొగ్గు కూడా చదువుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చదవలేదు. ఆ నవ్వు నవ్వడానికి ఆరుగురు కావాలి.