మా పై అంతస్తు విప్లవకారుడు

పై అంతస్తు జర్మన్ అంకుల్ పోయారన్న కబురు మొదట తెచ్చింది మా అమ్మాయే. నిన్న ఆఫీసు నుంచి వస్తూ లిఫ్టు దగ్గర విన్నదట. చెప్పులు విప్పకుండానే, "అమ్మా, అంకుల్ నిద్రలోనే వెళ్ళిపోయారట" అంది. దీపంలో ఆయన పేరున మరో వత్తి వేశాను. దేవుడు లేడనేవారు గాని ఏమీ అనుకోరు. శనివారం పులిహోర ప్రసాదాన్ని, "అన్నానికి మతమేమిటి ఆంటీ?" అంటూ రెండోసారి పెట్టించుకుని తినే మనిషి. నాకంటే ఎంతో పెద్దవారైనా నన్ను ఆంటీ అనేవారు.

సింగపూర్‌లో, ఈ బిషాన్ పేటలో, మా బ్లాకువాళ్ళకు ఆయన కుండీలకు నీళ్ళు పోసే ముసలాయన. కుర్రతనంలో మాత్రం జర్మనీలో విద్యార్థి నాయకుడట. యుద్ధం వద్దంటూ, ప్రొఫెసర్లనైనా సరే ప్రశ్నించాలంటూ వీధుల నిండా జనాన్ని నడిపించారట. ఆ మాటలు గిట్టనివాడెవడో ఇనుప కడ్డీతో తల మీద కొట్టాడు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. అంతటి ఉపన్యాసకుడూ "చెంచా", "తలుపు" అంటూ పసివాడిలా మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కొట్టినవాడి మీద కోపం రాలేదా అని అడిగితే, "వచ్చింది. తిట్టడానికి మాటలు దొరకలేదు. దొరికేసరికి కోపం పోయింది" అని నవ్వేవారు.

ఇదంతా ఆయన మాకు చెప్పింది మావారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు. మావారు పెదవి కదిపితే చాలు, "నీళ్ళా? కాఫీయా?" అని నేనే అందించేదాన్ని. చూడవచ్చిన అంకుల్ వేలు చూపించి, "ఆంటీ, మీరు నియంత! ఆయన మాటను ఆయన్నే వెతుక్కోనివ్వండి" అన్నారు. ఇంట్లోనే నాలుగక్షరాలు దిద్దుకున్న నన్ను పట్టుకుని నియంత అన్నది లోకంలో ఆయనొక్కరే.

అది మొదలు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. వస్తూనే "గుడ్ మార్నింగ్, ఏమండీ!" అనేవారు. నేను పిలవడం విని మావారి పేరే అదనుకున్నారు పాపం. నేను సరిదిద్దబోతే మా అమ్మాయి చెయ్యి పట్టి ఆపింది. "వెయిట్ లా, అమ్మా! నాన్న మొహం చూడు" అంది తన సింగపూర్ యాసలో. తండ్రి కనుబొమలు ముడిపడటం అది అప్పటికే కనిపెట్టింది. కొన్ని వారాలు అలాగే గడిచాయి. ఒక ఉదయం మళ్ళీ "ఏమండీ" అనగానే మావారు దుప్పటి పిడికిట బిగించి, వెతికి వెతికి, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పారు. జబ్బుపడ్డాక అదే మొదటి మాట. అంకుల్ లేచి నిలబడి, అప్పుడే పరిచయమైనట్టు చెయ్యి కలిపారు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను.

ఇప్పుడు మావారు కూరలో ఉప్పు గురించి నాతో వాదిస్తారు కూడా. దేవుడి దయ. ఆ దయ మా గుమ్మంలోకి నాస్తికుడి రూపంలో వచ్చింది. అంకుల్ కోరుకున్న లోకం వచ్చిందో లేదో నాకు తెలియదు. కాలం ఎవరి మాట ఎప్పుడు పట్టుకుపోతుందో చెప్పలేం. మీ ఎదుట ఎవరైనా మాట కోసం తడుముకుంటుంటే, తొందరపడి అందించకుండా, ఆ కాసేపూ మా జర్మన్ అంకుల్‌ను తలుచుకోండి.