కాఫీ మొక్కలకు మేలుకొలుపు

ఆ రోజుల్లో (పురాణకాలమేమీ కాదు, నా జుట్టింకా నల్లగా ఉన్న నాటి మాట) "విదేశంలో చదివితే ఉద్యోగం ఖాయం" అన్న వాక్యం గాలిలో పుప్పొడిలా ఎగిరేది. ఏ మాటనైనా ఆధారం అడగకుండా మింగని నేను, విశాఖపట్నంలోని కన్సల్టెన్సీవారిని "ఖాయమంటే ఎంతమందిలో ఎంతమందికి? రానివాళ్లను లెక్కలో కలిపారా?" అని నిలదీశాను. టై కట్టుకున్న పెద్దమనిషి "నెగటివ్‌గా ఆలోచించకండి సార్" అన్నాడు. అది సమాధానం కాదని తెలిసీ విమానమెక్కాను. ఆహారశాస్త్రంలో పట్టా చేతికొచ్చాక తెలిసింది, అక్కడి కంపెనీలు మన చదువును శంకించవు. వీసా ఎన్నాళ్లుందో అడిగి మౌనం వహిస్తాయి, అంతే. దరఖాస్తులు పంపి విసిగి, కోతల కాలానికి గూడెం కొత్తవీధి పైకొండల్లోని మా ఊరు చేరాను. వీసాకు కొద్ది వారాల గడువుండగా, మన్యం కాఫీ అమ్మే ఒక విదేశీ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. నాణ్యత పరిశీలకుడి ఉద్యోగం; ఇంటర్వ్యూ వీడియోలో. ఇది తప్పితే తిరిగి వెళ్లే దారి మూసుకుపోయినట్లే.

మా ఊళ్లో సిగ్నల్ నిలకడగా ఉండేది మా అత్త (నాన్న చెల్లెలు) కాఫీ తోటలోని ఒక బండ మీద మాత్రమే. సిల్వర్ ఓక్ నీడలో కోటు తొడుక్కుని ఆ బండ మీద కూర్చున్నాను. పక్క వరసలో అత్త పండు కోస్తోంది. తెరలోని మేనేజరమ్మ గింజల తేమ గురించి, పులియబెట్టడం గురించి అడిగింది, చక్కగా చెప్పాను. అప్పుడామె ఒక ప్యాకెట్టు ఎత్తి చూపింది. దానిమీద రాసి ఉంది: కొండజాతి స్త్రీలు తెల్లవారుజామున మేలుకొలుపు పాడితేనే ఈ మొక్కలు కళ్లు తెరుస్తాయట! "మీరు అక్కడివారే కదా, మా కొనుగోలుదారులకు ఈ సంగతి మీ నోటితోనే చెప్పాలి" అంది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చదివింది పరిశీలకుడిగానా, సంతలో ఆడించే బొమ్మగానా? "ఎవరు విన్నారు? పాట పాడని తోటతో పోల్చి చూశారా?" అన్నాను. ఆమె నవ్వి, "పోనీ, అక్కడెవరైనా ఇప్పుడు పాడగలరా?" అంది.

"ఏటంటందిరా ఆవిడ?" అంది అత్త, బుట్ట దించి.

"కాఫీ మొక్కలకి నువ్వు పాట పాడతావా అంటోంది."

"పండు కొయ్యడానికే ఊపిరాడదు, పాటొకటా! అయితే, పాడితే నీకు ఉద్జోగం ఇత్తాదేటి?"

"ఇవ్వొచ్చు. కానీ అబద్ధం కదత్తా."

"అబద్దమేటి గుంటడా! ఇప్పుడు పాడేత్తే నిజమైపోద్ది. బేగి ఆ ఫోనిటు తిప్పు."

(ఈ తర్కాన్ని ఖండించే వాదన నాకు నేటికీ దొరకలేదు.) గొంతు సవరించుకుని అత్త చోడి (అంటే రాగుల) కోతల పాట ఎత్తుకుంది. బాగా పాడింది. తెరకు అవతల చప్పట్లు మోగాయి. అంతటితో నోరు మూసుకుంటే సరిపోయేది. "దయచేసి గమనించండి, ఈమె మొక్కలకు పాడటం ఇదే మొదటిసారి. పైగా ఇది చోడి కోసేటప్పటి పాట, కాఫీకి దీనితో ఏ సంబంధమూ లేదు" అని ప్రకటించాను. చప్పట్లు ఆగాయి.

మర్నాడు అదే బండ మీద జవాబు అందింది. "మీ నిజాయితీ మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది. అయితే మా కథకు మీరు సరిపోరు." నాణ్యత పరిశీలకుడు నిజం చెబితే సరిపోడట! ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు నేటికీ రక్తం ఉడుకుతుంది.

"ఏటన్నారు?"

"నిజం చెప్పేశానుగా, నేను నచ్చానట. ఉద్యోగం మాత్రం ఇవ్వరట."

"నచ్చితే ఇవ్వకపోడమేటి! ఆళ్లకి బుద్ది లేదు," అని తిట్టి, నా వైపు తిరిగింది. "నీకూ లేదు. నా అంతటి దాన్ని పాడేను కదా, నీకేటి మాయరోగం?" తరువాత నా కోటు విప్పించి కొమ్మకు తగిలించి, చేతికి బుట్ట ఇచ్చింది. "ఎర్రవే కొయ్యి. పచ్చివి ముట్టేవో, చెయ్యిరుగుద్ది."

ఇప్పుడు పాడేరులో రైతులు తెచ్చే మట్టినీ గింజల్నీ పరీక్షిస్తూ బతుకుతున్నాను. ఆ బండ మీది కుర్రవాడు ఒక్కొక్కసారి గుర్తుకొస్తాడు. వాడి నోరు మూయాలో భుజం తట్టాలో తేల్చేందుకు చాలినంత ఆధారం నాకు ఇంకా దొరకలేదు. తొందరపడి తీర్పు ఇవ్వడం వాడికీ నచ్చదు కనుక, నవ్వి ఊరుకుంటాను.