అక్క కుట్టుమిషను, మా మేనేజరు తెలుగు

మొన్న ముసురు పట్టిన పొద్దున నా ఫోను ‘అలర్ట్’ అంది, టీవీ ‘హెచ్చరిక’ అంది, మా నల్లగండ్ల అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు ‘అప్రమత్తం’ అంది. ఇంతకీ పిల్లను బడికి పంపాలా వద్దా మామయ్యా అని కోడలు అడిగేసరికి, వాన మీద కంటే ఎప్పటివాడో మా పాత మేనేజరు మీద నాకు కోపం ముంచుకొచ్చింది.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో ఇంకా బండలు పేలుస్తున్న రోజుల్లో, ఒక అద్దె ఇంటి పైఅంతస్తులో మా చిన్న కంపెనీ ఉండేది. చెరువులు పొంగితే కింది బస్తీలకు పంపే సందేశాలను కంప్యూటరుతో తయారుచేసే పని మాకు దొరికింది. తెలుగు రాసేవాణ్ని నేను. నీళ్ల శాఖవాళ్లు ఒకటంటే పోలీసులు ఇంకొకటి అనేవారు కాబట్టి, అందరినీ కూర్చోబెట్టి, టీలు తాగించి మరీ మూడు మాటలు ఒప్పించాను. ‘గమనిక’ అంటే కనిపెట్టుకుని ఉండాలి, ‘హెచ్చరిక’ అంటే సామాను సర్దుకోవాలి, ‘ఖాళీ చేయండి’ అంటే లేచి వెళ్లిపోవాలి. బస్తీల్లోనూ అదే చెప్పి వచ్చాం.

మా మేనేజరుకు కాలేజీలో వ్యాసరచన బహుమతులు వచ్చాయట. ఒకే మాట మళ్లీ కనిపిస్తే ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. “గదే మాట ఎన్నిసార్లు రాస్తవయ్యా, తెలుగుల మాటలకు కరువొచ్చిందా?” అంటే ఆఫీసంతా నవ్వింది; ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తే. ఎంత మొత్తుకున్నా వినకుండా, ‘ఖాళీ చేయండి’ అన్నచోటల్లా ఒకసారి ‘అప్రమత్తులు కండి’, ఇంకోసారి ‘తగు జాగ్రత్త వహించండి’ అని దిద్దేశాడు.

ఆ వానాకాలమే చెరువు పొంగింది. మైకు కట్టిన ఆటో అప్రమత్తులు కండి అని చదువుకుంటూ బస్తీలో తిరిగింది. అక్కడే ఉండే మా అక్క, ఖాళీ చేయమనలేదు కదా అని గడపలో కూర్చుని ఆ మాట కోసం ఎదురుచూసింది. నీళ్లు గడప దాటాక పిల్లల్ని ఎత్తుకుని పక్కింటి మిద్దె ఎక్కింది గాని, ఇల్లు నడిపే కుట్టుమిషను, కుట్టి ఇవ్వాల్సిన పెళ్లివారి జాకెట్లు లోపలే మునిగిపోయాయి.

అప్రమత్తులు కమ్మంటే కూర్చోమని అర్థమా అని మేనేజరు మీటింగులో నన్నే నిలదీశాడు. అక్కేమో, “నువ్వు రాసిందే గదరా, లెవ్వమని ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతుండె?” అంది. రాసింది నేను కాదంటే ఈ రోజుకీ నమ్మదు.

ఇప్పుడా చెరువు చుట్టూ మేడలు లేచాయి, కబురు ఆటోలో కాక జేబులోకే వస్తోంది, మాటలు మాత్రం అప్పటిలాగే ఎవరివి వారివే. మొన్న అక్క కూడా ఫోను చేసి, తనకు వచ్చినవన్నీ చదివి వినిపించి, “గివన్నీ కాదుగని, ఉండాల్నా, పోవాల్నా?” అని అడిగింది. ఆనాడు నేను కుదిర్చిన మాటలన్నీ ఆ ప్రశ్నకు జవాబులే. ఉండక్కా, లేవాల్సి వస్తే నేనే చెప్తానన్నాను.

“నువ్వా?” అని పెట్టేసింది.