ఓడ దిగి తోసిన వేళ

మాది ఏలూరు పక్కన కొల్లేటి ఊరు. పడవలోనే పుట్టానని పెళ్లయిన నాటి నుంచీ బావమరిది దగ్గర కోతలు కోస్తున్నాను. పోయినేడు వాళ్ల రేవు పట్నంలో ఏటా జరిగే తెరచాప ఓడల పండక్కి పిలిచి, ఆకాశాన్ని తుడిచేంత తెరచాపలున్న ఓడ ఎక్కించాడు. నడిసముద్రంలో గాలి పడిపోయి ఓడ నిలిచిపోయింది.

“ఇలాంటప్పుడు మీరేం చేస్తారండీ బావగారూ?” అన్నాడు.

“దిగి తోస్తామయ్యా,” అంటూ అలవాటుగా పంచె ఎగ్గట్టి దిగిపోయాను.

మా కొల్లేట్లో నీళ్లు నడుము దాటవు. అందుకే ఈత నేర్చుకోలేదు. ఇక్కడ పాతాళం దాకా వెళ్లినా కాలికి నేల తగల్లేదు. నావికులు తాడు వేసి లాగేసరికి సగం సముద్రం నా కడుపులో ఉంది. సరిగ్గా అప్పుడే గాలి లేచి ఓడ కదిలింది.

“బాగా తోశారండీ,” అన్నాడు బావమరిది, తువ్వాలు అందిస్తూ.

కోతలు మానేద్దామనే అనుకున్నాను. కానీ ఇన్నేళ్లకు ఒక సాక్షి దొరికాక ఎలా మానేది?